పదమూడు జెర్సీల మాట్ స్టెయిర్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టిన మనవాళ్లకి ముందుగా తెలిసేవి పెద్ద పేర్లే. ఓటానీ, జడ్జ్, ఆ వరస. కానీ ఏ జట్టు జాబితా తీసినా అందులో సగం మంది వేరే రకం: నిరుడు ఒక ఊరు, ఈ ఏడు ఇంకో ఊరు, వచ్చే ఏడు ఎక్కడో వాళ్లకే తెలియదు. ఆ రకంలో నాకు బాగా నచ్చిన ఆటగాడు మాట్ స్టెయిర్స్. ఫిలడెల్ఫియా వైపు ఉండే తెలుగువాళ్లు ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. అతని గురించి తరచూ ఎదురయ్యే ప్రశ్నలకి జవాబులివి.

ఎవరీ మాట్ స్టెయిర్స్?

కెనడా తూర్పు కొసన న్యూ బ్రన్స్‌విక్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి సెయింట్ జాన్‌లో 1968 ఫిబ్రవరి 27న పుట్టాడు. ఎడమచేతి బ్యాటర్, విసిరేది మాత్రం కుడిచేత్తో. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, ఒళ్లు బొద్దుగా ఉండేది. మైదానంలోకి వస్తుంటే ఆదివారం పూట స్నేహితులతో ఆడుకోవడానికి బయల్దేరిన మనిషిలా కనిపించేవాడు. బ్యాట్ ఊపితే మాత్రం బంతి స్టాండ్స్‌లో పడేది. 1992 నుంచి 2011 వరకు 19 సీజన్లు మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై మెట్టు) ఆడి 265 హోమ్ రన్లు కొట్టాడు.

జర్నీమ్యాన్ అంటే ఆడటం రాక జట్లు మారేవాడనా?

కాదు. ఆడటం రానివాణ్ని మూడో ఊరికి ఎవరూ పిలవరు. జట్టుకి కేంద్రబిందువు అయ్యేంత గొప్పవాడు కాదు, వదిలేసేంత తక్కువవాడూ కాదు. అలాంటి ఆటగాణ్ని జర్నీమ్యాన్ అంటారు. ఏదో ఒక పని బాగా చేస్తాడు, ఆ పని అవసరమైన జట్టు ఏటా ఎక్కడో ఒకటి ఉంటుంది. స్టెయిర్స్ చేసే పని కుడిచేతి పిచర్ల (బంతి విసిరేవాళ్ల) మీద గట్టిగా కొట్టడం. మేజర్ లీగ్ పిచర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లే కాబట్టి ఆ పనికి గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు.

మొత్తం ఎన్ని జట్లు? కొందరు 12 అంటారు, కొందరు 13 అంటారు, ఏది నిజం?

రెండూ నిజమే. వరసగా చెప్తాను: మాంట్రియల్ ఎక్స్‌పోస్, బోస్టన్ రెడ్ సాక్స్, ఓక్లాండ్ అథ్లెటిక్స్, చికాగో కబ్స్, మిల్వాకీ బ్రూవర్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్, కాన్సస్ సిటీ రాయల్స్, టెక్సస్ రేంజర్స్, డెట్రాయిట్ టైగర్స్, టొరాంటో బ్లూ జేస్, ఫిలడెల్ఫియా ఫిలీస్, శాన్ డియేగో పాడ్రెస్, వాషింగ్టన్ నేషనల్స్. జెర్సీలు లెక్కపెడితే 13. కానీ మాంట్రియల్ జట్టే 2005లో వాషింగ్టన్‌కి తరలి నేషనల్స్ అయింది కాబట్టి ఫ్రాంచైజీల లెక్కలో 12. ఎక్కడ మొదలుపెట్టాడో అదే ఫ్రాంచైజీలో ఆట ముగించాడు, అయితే ఆ మధ్యలో ఫ్రాంచైజీయే దేశం మారిపోయింది.

పిచర్లలో ఇంతకంటే ఎక్కువ తిరిగినవాళ్లు ఉన్నారు. ఎడ్విన్ జాక్సన్ 14 జట్లకి ఆడాడు. పిచర్లు కానివాళ్లలో మాత్రం ఈ లెక్కలో ముందువరస స్టెయిర్స్‌దే.

అతన్ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదా?

డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి. ఇతని విషయం అక్కడిదాకా వెళ్లలేదు. అప్పట్లో కెనడాలో ఆడుకునే కుర్రాళ్లని జట్లు నేరుగానే సంతకం చేయించుకునేవి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ప్రదర్శన క్రీడగా జరిగినప్పుడు స్టెయిర్స్ కెనడా తరఫున ఆడాడు. మరుసటి ఏడాది జనవరిలో మాంట్రియల్ ఒప్పందం రాయించుకుంది.

మొదటి నుంచీ అవుట్‌ఫీల్డరేనా?

కాదు, ఇన్‌ఫీల్డర్‌గా మొదలయ్యాడు. రెండో బేస్, మూడో బేస్ దగ్గర నిలబడేవాడు. 1991లో హారిస్‌బర్గ్ సెనేటర్స్ అనే డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) జట్టుకి .333 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకి 333 హిట్ల లెక్కన ఆడి ఈస్టర్న్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అయినా పై లీగ్‌లో ఆ చేతులతో, ఆ కాళ్లతో ఇన్‌ఫీల్డ్‌లో నెగ్గుకురావడం కష్టమని జట్టుకి అర్థమైంది. బ్యాటు బాగుండి ఫీల్డింగ్ అంతంతమాత్రమైన ఆటగాణ్ని అవుట్‌ఫీల్డ్ మూలలకి పంపడం బేస్‌బాల్‌లో పాత అలవాటు. ఎడమ మూల, కుడి మూల, వాటి మధ్యలో సెంటర్ ఫీల్డ్. సెంటర్‌లో పరుగు కావాలి, కుడి మూలలో మూడో బేస్ దాకా విసిరే భుజం కావాలి. స్టెయిర్స్ ఎక్కువగా మూలల్లోనే ఆడాడు. వయసు పెరిగే కొద్దీ మొదటి బేస్‌కి, ఆ తర్వాత ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్ స్థానానికి జరిగాడు.

నిజం చెప్పాలంటే అతని ఫీల్డింగ్ చూడటానికి ఎవరూ టికెట్ కొనలేదు.

జపాన్‌కి ఎందుకు వెళ్లాడు?

1992లో మాంట్రియల్‌కి 13 మ్యాచ్‌లు, 1993లో 6 మ్యాచ్‌లు. అంతకు మించి అవకాశం రాలేదు. 1993 మధ్యలో నాగోయా నగరానికి చెందిన చునిచి డ్రాగన్స్ జట్టుకి వెళ్లి మిగతా సీజన్ అక్కడ ఆడాడు. మేజర్ లీగ్ గుమ్మంలో ఆగిపోయిన ఆటగాళ్లకి జపాన్ అప్పుడూ ఇప్పుడూ ఒక దారి, చేతికి నాలుగు డబ్బులూ వస్తాయి. చాలామందికి అదే చివరి మజిలీ. స్టెయిర్స్ తిరిగొచ్చి 1994 అంతా న్యూ బ్రిటన్‌లో, మళ్లీ డబుల్-ఏలోనే గడిపాడు. అంటే 1991లో ఏ మెట్టు మీద అత్యుత్తమ ఆటగాడయ్యాడో, మూడేళ్ల తర్వాత 26 ఏళ్ల వయసులో మళ్లీ అదే మెట్టు. ఆ వయసుకి అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఇంకో ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు. ఇతనికి 1995లో బోస్టన్ 39 మ్యాచ్‌లు ఇచ్చింది.

మరి నిలదొక్కుకున్నది ఎప్పుడు?

ఓక్లాండ్‌లో, 29వ ఏట. 1996లో 61 మ్యాచ్‌లు ఆడాడు. 1997లో .298 సగటుతో 27 హోమ్ రన్లు. 1998లో 26 హోమ్ రన్లు, 106 ఆర్‌బీఐలు. (ఇక్కడ ఆర్‌బీఐ అంటే రిజర్వ్ బ్యాంక్ కాదు, అతని బ్యాట్ వల్ల జట్టుకి చేరిన పరుగులు.) 1999లో 38 హోమ్ రన్లు. ఇవి ఏ జట్టులోనైనా స్టార్ అంకెలే.

ఓక్లాండ్ డబ్బున్న జట్టు కాదు. పెద్ద జట్లు పట్టించుకోని ఆటగాళ్లలోంచి వెతికి తీసుకోవడమే వాళ్లకున్న దారి. పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు, ఫీల్డింగ్ రాదు, వయసు మీరింది అని మిగతావాళ్లు పక్కన పెట్టిన మనిషి బంతిని ఎంచి కొడతాడనీ, చెడ్డ బంతులు వదిలేసి వాక్ (ఉచితంగా మొదటి బేస్) తీసుకుంటాడనీ వాళ్లు గమనించారు.

అంత బాగా ఆడినవాణ్ని ఓక్లాండ్ ఎందుకు వదులుకుంది? తర్వాత ఏటా జట్టు ఎందుకు మారాడు?

జనం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. 2000లో అతని సగటు .227కి పడిపోయింది. సర్వీసు పెరిగిన ఆటగాడికి జీతమూ పెరుగుతుంది. దాంతో ఓక్లాండ్ అతన్ని కబ్స్‌కి ట్రేడ్ చేసింది. ఆ తర్వాత మిల్వాకీ, పిట్స్‌బర్గ్, కాన్సస్ సిటీలకి వెళ్లింది మాత్రం ఎవరూ తరిమేస్తే కాదు. ఒప్పందం ముగియడం, కొత్త జట్టుతో ఇంకోటి రాసుకోవడం, అంతే. 2003లో పిట్స్‌బర్గ్‌లో .292 సగటుతో 20 హోమ్ రన్లు కొట్టి కూడా మరుసటి ఏడు ఇంకో ఊళ్లో ఉన్నాడు.

ముప్పై అయిదు దాటిన ఆటగాడికి జట్లు దీర్ఘకాల ఒప్పందం ఇవ్వవు. ఏ ఏడాది బ్యాటు నెమ్మదిస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఏడాదికేడాది రాయించుకుంటాయి. జులై వచ్చేసరికి ఓడుతున్న జట్టు అలాంటివాణ్ని గెలుస్తున్న జట్టుకి ఇచ్చేసి బదులుగా ఒక కుర్ర పిచర్‌ని తెచ్చుకుంటుంది. అతను చేరిన జట్లలో ఓడేవే ఎక్కువ, ఎందుకంటే ఖాళీలు ఉండేది వాటిలోనే. ఈ రెండూ కలిపి చూస్తే అన్ని జెర్సీలు ఎలా పోగయ్యాయో తెలిసిపోతుంది. స్వభావం వల్లో, గొడవల వల్లో మారాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఎక్కడికెళ్లినా డ్రెస్సింగ్ రూమ్‌లో ఇష్టపడ్డారనే పేరే ఉంది.

ట్రేడ్, వేవర్స్, రిలీజ్ అంటుంటారు. వీటికి తేడా ఏమిటి?

ట్రేడ్ అంటే ఒక జట్టు నీ ఒప్పందాన్ని ఇంకో జట్టుకి ఇచ్చి బదులు ఆటగాణ్నో డబ్బునో తీసుకోవడం. మామూలుగా నిన్ను అడగరు. ఫోన్ వస్తుంది, సూట్‌కేసు సర్దుకోవాలి. వేవర్స్ అంటే "ఇతను మాకు అక్కర్లేదు, కావాలంటే తీసుకోండి" అని మిగతా జట్లన్నిటి ముందూ పేరు పెట్టడం. ఎవరైనా తీసుకుంటే అక్కడికి వెళ్లాల్సిందే. రిలీజ్ అంటే ఒప్పందం తెంచేసి వదిలేయడం. ఫ్రీ ఏజెన్సీ వేరు. ఆరేళ్ల మేజర్ లీగ్ సర్వీసు నిండిన ఆటగాడు ఒప్పందం ముగిశాక తనకిష్టమైన జట్టుతో మాట్లాడుకోవచ్చు. స్టెయిర్స్ కెరీర్‌లో ఈ నాలుగూ ఉన్నాయి. చికాగోకి, టెక్సస్‌కి, ఫిలడెల్ఫియాకి వెళ్లింది ట్రేడ్ మీద, డెట్రాయిట్‌కి వేవర్స్ మీద. చివర్లో వాషింగ్టన్ రిలీజ్ చేసింది.

2006లో డెట్రాయిట్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఆడింది కదా, జాబితాలో ఇతని పేరు ఎందుకు లేదు?

తేదీ వల్ల. ప్లేఆఫ్స్‌లో ఆడాలంటే ఆటగాడు ఆగస్టు 31 అర్ధరాత్రిలోపు ఆ సంస్థలో చేరి ఉండాలి. 2006 జులై 31న కాన్సస్ సిటీ అతన్ని టెక్సస్‌కి పంపింది. సెప్టెంబర్ 15న టెక్సస్ వేవర్స్ మీద పెడితే డెట్రాయిట్ తీసుకుంది. సీజన్ చివరి రోజుల్లో ఆ జట్టుకి ఆడాడు. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి సెయింట్ లూయిస్ చేతిలో ఓడింది. 15 రోజులు ఆలస్యంగా చేరినందుకు స్టెయిర్స్‌కి అందులో ఒక్క బంతి ఎదుర్కొనే హక్కు కూడా లేకపోయింది. అప్పటికి వయసు 38. ఇంకో అవకాశం వస్తుందని లెక్క వేసుకునే వయసు కాదు.

రెండేళ్ల తర్వాత అదే నిబంధన అతనికి కలిసొచ్చింది. 2008 ఆగస్టు 30న టొరాంటో అతన్ని ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేసింది. గడువుకి ఒక్క రోజు ముందు.

ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో జులై 31 గడువు దాటాక కూడా వేవర్స్ మీదుగా ఆగస్టులో ట్రేడ్లు జరిగేవి. 2019 నుంచి ఆ పద్ధతి తీసేశారు, ఇప్పుడు ఒకే గడువు. 2008లో ఇప్పటి నియమమే ఉండి ఉంటే ఆ ట్రేడ్ జరిగేదే కాదు.

ఫిలడెల్ఫియావాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఆ హోమ్ రన్ ఏది?

2008 అక్టోబర్ 13, లాస్ ఏంజెలెస్, డాడ్జర్ స్టేడియం. నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఛాంపియన్‌షిప్ సిరీస్, అంటే వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు, నాలుగో మ్యాచ్. ఫిలీస్ రెండు గెలిచారు, డాడ్జర్స్ ఒకటి. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి డాడ్జర్స్ 5-3 ఆధిక్యంలో ఉన్నారు. అలాగే ముగిస్తే సిరీస్ సమం.

షేన్ విక్టోరినో రెండు పరుగుల హోమ్ రన్‌తో స్కోరు 5-5 అయింది. తర్వాత రెండో అవుట్ అయ్యాక కార్లోస్ రూయిజ్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. తరువాత రావాల్సింది పిచర్ వంతు. డాడ్జర్స్ తమ భారీ కుడిచేతి పిచర్ జొనాథన్ బ్రాక్స్‌టన్‌ని దించారు. ఫిలీస్ మేనేజర్ చార్లీ మాన్యుయెల్ స్టెయిర్స్‌ని పిలిచాడు. మ్యాచ్ మొదలై గంటలు గడిచాయి, అప్పటిదాకా అతను ఒక్క బంతి ఆడలేదు.

బ్రాక్స్‌టన్‌ది గంటకి 95 మైళ్ల చుట్టుపక్కల వేగం. మొదటి నాలుగు బంతులకి మూడు బాల్స్, ఒక స్ట్రైక్. నాలుగో బాల్ వేస్తే బ్యాటర్‌కి ఉచితంగా బేస్ దొరుకుతుంది, కాబట్టి పిచర్ ఇక నేరుగా వెయ్యక తప్పదు. ఆ సంగతి స్టేడియంలో అందరికీ తెలుసు, స్టెయిర్స్‌కి ఇంకా బాగా తెలుసు. ఫాస్ట్‌బాల్ వచ్చింది. అతను ఒళ్లంతా తిప్పి కొట్టాడు. ఆ రకం దెబ్బకి అవుట్‌ఫీల్డర్ పరుగెత్తడు, తల తిప్పి చూస్తాడంతే. బంతి కుడివైపు స్టాండ్స్ లోపలెక్కడో పడింది. 7-5. మ్యాచ్ ఆ స్కోరుతోనే ముగిసింది. తర్వాతి మ్యాచ్‌తో సిరీస్ ఫిలీస్‌ది అయింది. వరల్డ్ సిరీస్‌లో టాంపా బేని ఐదు మ్యాచ్‌ల్లో ఓడించి 1980 తర్వాత మొదటిసారి ఛాంపియన్లయ్యారు.

ప్రతిసారీ హోమ్ రన్ కొట్టడానికే బ్యాట్ ఊపుతానని స్టెయిర్స్ దాచకుండా చెప్పేవాడు. కోచ్‌లు కుర్రాళ్లకి వద్దని చెప్పే పద్ధతి అది. అతనికి మాత్రం అదే బతుకుతెరువు.

పించ్ హిట్టర్ అంటే ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ లాంటిదా?

కొంతవరకు. మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు ఇంకొకరు బ్యాటింగ్‌కి రావడం, బయటికెళ్లినవాడు మళ్లీ రాకపోవడం రెండింటిలోనూ ఉన్నాయి. కానీ ఇంపాక్ట్ ప్లేయర్‌కి పదో ఇరవయ్యో బంతులు దొరుకుతాయి. పించ్ హిట్టర్‌కి చాలాసార్లు రాత్రి మొత్తానికి దొరికేది ఒకే అవకాశం, అదీ అవతలి జట్టు కొత్తగా దించిన అత్యంత వేగమైన పిచర్ మీద. మూడు గంటలు బెంచి మీద కూర్చున్న ఒళ్లు బిగుసుకుపోతుంది. అందుకే ఐదో ఇన్నింగ్స్ దాటాక ఇలాంటివాళ్లు మెల్లగా లోపలికి జారుకుంటారు. స్టాండ్స్ కింద వలలు కట్టిన గది ఉంటుంది, అక్కడ స్టాండు మీద బంతి పెట్టుకుని కొడతారు, వ్యాయామ సైకిల్ తొక్కుతారు, టీవీలో స్కోరు చూస్తూ మేనేజర్ ఎప్పుడు పిలుస్తాడో లెక్కలు వేసుకుంటారు. చాలా రాత్రులు పిలుపు రాదు.

ఆ పనిలో అతని పేరున రికార్డు ఉందంటారు?

ఉంది. పించ్ హిట్టర్‌గా 23 హోమ్ రన్లు, మేజర్ లీగ్ చరిత్రలో ఎవరూ అన్ని కొట్టలేదు. అంతకుముందు రికార్డు క్లిఫ్ జాన్సన్ 20. దాన్ని 2010 ఆగస్టు 21న, 42 ఏళ్ల వయసులో, శాన్ డియేగో జెర్సీలో దాటాడు.

ఇది ఇప్పట్లో చెదరదనే నా నమ్మకం. కారణం 2022లో వచ్చిన నియమం. అప్పటిదాకా, ఒక్క 2020 తప్ప, నేషనల్ లీగ్‌లో పిచర్లు కూడా బ్యాటింగ్ చేయాలి. వాళ్లకి బ్యాటింగ్ రాదు కాబట్టి కీలక సమయంలో పించ్ హిట్టర్ తప్పనిసరి. ఇప్పుడు రెండు లీగుల్లోనూ పిచర్ బదులు డెజిగ్నేటెడ్ హిట్టర్ ఆడుతున్నాడు. పించ్ హిట్టర్‌తో పని బాగా తగ్గిపోయింది. ఆ పని ఒక్కటే చేసే ముసలి హిట్టర్‌కి జట్టులో ఒక చోటు కేటాయించేవాళ్లూ తగ్గిపోయారు.

ఇలా తిరిగే ఆటగాళ్లకి డబ్బు బాగానే వస్తుందా?

మేజర్ లీగ్ జాబితాలో ఉన్నన్నాళ్లూ వస్తుంది. 2023 లెక్క చూడండి: మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,20,000 డాలర్లు. దానికి ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఏలో, కనీసం 35,800 డాలర్లు. అదీ ఆ ఏడాది మైనర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్ మొదటి ఒప్పందం కుదుర్చుకున్నాకే. అంతకుముందు ఇంకా కనాకష్టం. మేజర్ లీగ్ జాబితాలో చోటు 26 మందికే. 26వ ఆటగాడికీ 27వ ఆటగాడికీ ఆటలో ఉండే తేడా వెంట్రుకవాసి, జీతంలో ఉండే తేడా ఇరవై రెట్లు.

ఇంకొకటి పెన్షన్. మేజర్ లీగ్‌లో 43 రోజులుంటే కొంత పెన్షన్‌కి అర్హత, పదేళ్లుంటే పూర్తి పెన్షన్. తిరిగే ఆటగాడు ఏటా మార్చిలో "ఇంకొక్క ఏడాది" అనుకోవడానికి ఆట మీద ప్రేమతో పాటు ఈ లెక్క కూడా కారణమే.

కెరీర్ మొత్తం అంకెలు?

1,895 మ్యాచ్‌లు, 1,366 హిట్లు, 265 హోమ్ రన్లు, 899 ఆర్‌బీఐలు, .262 సగటు. ఆట మానేసిన నాటికి కెనడాలో పుట్టినవాళ్లలో లారీ వాకర్ తర్వాత ఎక్కువ హోమ్ రన్లు ఇతనివే. జోయీ వోటో తర్వాత దాటేశాడు.

ఎప్పుడు మానేశాడు? తర్వాత ఏం చేశాడు?

2011లో వాషింగ్టన్‌కి ఆడుతుంటే సగటు .154కి దిగింది, ఒక్క హోమ్ రన్ రాలేదు. ఆగస్టు మొదట్లో జట్టు వదిలేసింది, రోజుల వ్యవధిలో రిటైర్ అయ్యాడు. వయసు 43. తర్వాత ఫిలడెల్ఫియాలో టీవీ వ్యాఖ్యాతగా కూర్చున్నాడు, 2017లో ఫిలీస్‌కి, 2018లో పాడ్రెస్‌కి హిట్టింగ్ కోచ్‌గా పనిచేశాడు. కోచ్‌గానూ రెండేళ్లలో రెండు జట్లు! కెనడావాడు కదా, ఐస్ హాకీ అంటే ప్రాణం. హైస్కూలు పిల్లలకి హాకీ కోచింగ్ కూడా ఇచ్చాడు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడా?

కూపర్స్‌టౌన్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊళ్లో, లేడు. 2017లో బ్యాలెట్ మీద పేరు వచ్చింది, ఒక్క ఓటూ పడలేదు. అందులో అన్యాయమేమీ లేదు, ఆ గది వేరేవాళ్లది. కెనడా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం 2015లో చేర్చుకుంది.

ఇలాంటి ఆటగాళ్లని దగ్గర్నుంచి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మైనర్ లీగ్ మైదానాలకి. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల దగ్గర్లోనే ఉన్నాయి. డాలస్ వైపు ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్, ఎడిసన్ నుంచి కాస్త దూరంలో బ్రిడ్జ్‌వాటర్‌లో సోమర్‌సెట్ పేట్రియట్స్, నార్త్ కరోలినాలో డర్హమ్ బుల్స్. స్టెయిర్స్ 1991లో ఆడిన హారిస్‌బర్గ్ సెనేటర్స్ ఇప్పటికీ సస్క్వెహన్నా నది మధ్య లంక మీదే ఆడుతున్నారు. టికెట్ ధర మేజర్ లీగ్ మ్యాచ్‌తో పోలిస్తే చాలా తక్కువ, డగౌట్ పక్కనే సీటు దొరుకుతుంది. ట్రిపుల్-ఏ మ్యాచ్ అయితే జట్టు జాబితాలో ముప్పై దాటినవాళ్ల పేర్లు చూసుకుని వెళ్లండి. మ్యాచ్‌కి గంట ముందు కంచె దగ్గర నిలబడితే పిల్లల బంతుల మీద సంతకాలు పెట్టేవాళ్లలో వాళ్లు కూడా ఉంటారు.